రాళ్ళసీమలో నాలుగు రోజులు

పండుగ సెలవులకు ఎక్కడికి పోదామన్న చర్చ మా ఇంట్లో ఏటా కార్తీకమాసంలోనే మొదలవుతుంది. మా ఆవిడది కోనసీమ. అరటి ఆకు మీద వాన చినుకు పడ్డ చప్పుడు వింటే తప్ప ఆమెకు సెలవులు గడిచినట్టు ఉండదు. మాది కోవెలకుంట్ల ప్రక్కన చిన్న పల్లె. మా ఊరి పేరెత్తగానే, “ఆ రాళ్ళసీమలో పిల్లలకు ఏం చూపిస్తారండీ?” అని ఆమె అడగడమూ, నేను సమాధానం దొరకక పేపరు తిరగవెయ్యడమూ పదిహేనేళ్ళుగా జరుగుతున్నదే. పిల్లలు కూడా తల్లి పక్షమే. మా అమ్మాయి ఏడో తరగతి, చిన్నవాడు మూడు. వాళ్ళ దృష్టిలో అది “జేజినాయన వాళ్ళ ఊరు”. ఒక రాత్రి ఉండి, ఓళిగలు తిని, తెల్లవారి వచ్చేసే చోటు.

మొన్న సంక్రాంతికి మాత్రం ఆ ఊరికే వెళ్ళాము. సరదాకు కాదు, పని ఉండి వెళ్ళాము.

ఆ పని చెప్పాలంటే నాకిప్పటికీ కొంచెం మొహమాటంగానే ఉంటుంది. మా నాయనకు ఎనభై దాటాయి. అమ్మ పోయినప్పటి నుంచి ఆ మిద్దెలో ఒక్కడే ఉంటున్నాడు. నాలుగెకరాల నల్లరేగడి ఉంది. హైదరాబాదులో ఫ్లాటు కొనాలని మేము బేరమాడి పెట్టుకొన్నాము. పొలమూ మిద్దే అమ్మితే ఆ లెక్క సరిపోతుంది, నాయననూ మా దగ్గర ఉంచుకోవచ్చు. కొనేవాడు దొరికాడు, కాగితం కూడా వ్రాయించాను. నాయన సంతకం ఒక్కటే తరువాయి.

భోగి ముందు రోజు రాత్రి కాగితం ఆయన చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకొని మొదటినుంచి చివరి దాకా చదివాడు. మడిచి దిండు క్రింద పెట్టుకొన్నాడు.

“పెడతాలేరా సంతకం. నీకు కాకపోతే ఎవరికి? అయితే ఒక మాట. పిల్లోళ్ళు వచ్చినారు. ఈ సీమ ఎట్లుంటాదో ఒకసారి వాళ్ళకు చూపించు. నేనూ వస్తా. తర్వాత నీ ఇష్టం.”

“చూసేందుకు ఏముంది జేజినాయనా?” అన్నాడు మా చిన్నవాడు, తల్లి మాట అప్పగిస్తూ.

నాయన నవ్వాడు. “ఏముంటాది? రాళ్ళే. పోయి చూసొద్దాం పా.”

నేల క్రింది నది

మొదటి రోజు బెలుం గుహలు. తెల్లవారి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని, అద్దె కారులో బయలుదేరాము. జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి, పెరుగన్నం మా ఆవిడ మూట కట్టింది. రెండు బిందెల నీళ్ళు కూడా ఎత్తించాడు నాయన. “ఇన్ని నీళ్ళు ఎందుకు మామయ్యగారూ?” అంటే, “ఈ సీమలో నీళ్ళు మిగిలినాయని బాధపడినోడు ఎవడూ లేడమ్మా” అన్నాడు.

దారి పొడుగునా పప్పుశనగ చేలు, మధ్య మధ్య కంకి వేసిన జొన్న. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ, “రాళ్ళసీమన్నారు, పచ్చగానే ఉందే!” అంది. రేగడి నేల సంగతి ఆమెకు అప్పుడు నాయన చెప్పాడు. వానాకాలంలో పడ్డ వాన నల్లమట్టి పట్టి పెట్టుకొంటుంది. చలికాలపు మంచు దానికి తోడవుతుంది. ఆ తేమతోనే శనగ పండుతుంది. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన ఈ జిల్లాలకు సగటు. అది ఎడారి కాదు. కాని అదను తప్పి కురిసిందా, ఉన్నా లేనట్టే.

అవుకు చేరేసరికి కొండల మధ్య పెద్ద జలాశయం కనబడింది. మా ఆవిడ నోరు తెరచి చూచింది. అవి శ్రీశైలం నుంచి కుడిగట్టు కాలువ వెంట వచ్చే కృష్ణ నీళ్ళు. అక్కడనుంచి కొండలోని సొరంగాల గుండా గండికోట జలాశయానికి పోతాయి. “అయితే రేపు గండికోటలో మళ్ళీ ఈ నీళ్ళనే పలకరించవచ్చన్న మాట” అంది ఆమె, పుట్టింటి చుట్టాలను గురించి మాట్లాడుతున్నట్టు.

బెలుం వెళ్ళినవాళ్ళకు మొదట కలిగేది నిరాశే. బొర్రా గుహల మాదిరిగా కొండ లేదు, లోయ లేదు. చదునైన మెట్టపొలాల నడుమ బావి వంటి మూడు గోతులు. అంతే. నడిమి గోతిలోకి మెట్లు దిగాలి. దిగిన తరువాత గాని ఆ పేరులో ఉన్న ‘బిలం’ ఎంతటిదో తెలియదు.

పొడవు 3,229 మీటర్లు. అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా మనకు చూపిస్తారు. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ అనే బ్రిటిషు భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ గుహను గురించి వ్రాసిపెట్టాడు. తరువాత దాదాపు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83 సంవత్సరాలలో డేనియల్ గెబాయర్ నాయకత్వాన జర్మను బృందమొకటి వచ్చి లోపలంతా కొలిచింది. ఆ పైన రాష్ట్ర పర్యాటక సంస్థ దారులు బాగుచేసి, దీపాలు పెట్టి, గాలి పంపే గొట్టాలు అమర్చి, 2002లో జనానికి తెరిచింది. పూర్వం బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉండేవారనడానికి ఆనవాళ్ళు దొరికాయి. అందుకే గుహల దగ్గర పెద్ద బుద్ధవిగ్రహం నిలబెట్టారు.

గోతి ఒడ్డున నాయన ఆగిపోయాడు.

“చిన్నప్పుడు గొర్రెలు తోలుకొని ఈ పక్కకు వచ్చేటోళ్ళం. ఒక గొర్రెపిల్ల దీంట్లో పడింది. అరుపు విని మేమంతా పరుగెత్తినాం. దిగే ధైర్యం ఎవరికీ లేకపోయె. మీరు పోయిరాండి.”

మేము నాలుగు మెట్లు దిగామో లేదో, మా చిన్నవాడు వెనక్కు పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకొన్నాడు. “ఇప్పుడు దీపాలున్నాయి జేజినాయనా! నేను ముందు నడుస్తాగా!” ఆ మాటకు ఆయన కాదనలేకపోయాడు. మెట్టు మెట్టుకూ ఆగుతూ మొదటి మండపం దాకా దిగాడు. తల ఎత్తి రాతి కప్పును చూచి, చేత్తో గోడ తడిమి, “మన నాపబండే గదరా ఇది!” అన్నాడు. అవును, ఆ ప్రాంతమంతా ఇంటికి పరిచే నాపరాయి, సున్నపురాయి. అక్కడ ఒక రాతిమీద ఆయనను కూర్చోబెట్టాము. మా అమ్మాయి తోడు ఉంటానన్నది. తరువాత తల్లి వచ్చి కూర్చుంటే అది లోపలికి వచ్చింది.

ఈ గుహ ఎట్లా ఏర్పడిందంటే, వాన నీళ్ళు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెం పుల్లబడతాయి. సున్నపురాయికి ఆ పులుపు పడదు. పగుళ్ళ వెంట దిగిన నీరు రాతిని కొద్దికొద్దిగా కరిగించుకొంటూ లక్షల సంవత్సరాలు పారి, నదిలాగా వంపులు తిరిగిన దారులు తొలిచింది. పైనుంచి చుక్కచుక్కగా కారిన నీరు తన సున్నాన్ని అక్కడే వదలి ఆరిపోతుంది. అదే ఊడలుగా వ్రేలాడుతుంది, క్రింద లింగాలుగా మొలుస్తుంది. కోటిలింగాలన్న చోటు అటువంటిదే. వేయిపడగలన్న చోట కప్పు నిండా పాములు పడగ విప్పినట్టుంటుంది. మర్రిచెట్టు మండపంలో ఊడల క్రింద నిలబడ్డట్టే అనిపిస్తుంది. సప్తస్వరాల గదిలో రాళ్ళను వేలి కణుపుతో తడితే ఒక్కొక్కటి ఒక్కొక్క శ్రుతి పలుకుతుంది. మా అమ్మాయి సంగీతం క్లాసుకు పోతుంది. అక్కడ ‘స’ ఏది, ‘ప’ ఏది అని వెదుకుతూ కదలనంటే కదలనన్నది.

అన్నిటికంటె లోతున పాతాళగంగ. పై నేలకు దాదాపు నూటయాభై అడుగుల క్రింద, సన్నని నీటిపాయ ఒకటి వచ్చి, మళ్ళీ రాతిలోకే దిగి కనబడకుండా పోతుంది. అక్కడికి పోయే దారి ఇరుకు. కొన్ని చోట్ల నడుము వంచాలి. లోపల ఉక్కగా ఉంటుంది, చొక్కా తడిసిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు మొదటి మండపాల దగ్గర ఆగడం మంచిది. పిల్లలకు జారని చెప్పులు వెయ్యండి.

తిరిగి వచ్చి మా చిన్నవాడు, “జేజినాయనా, క్రింద నిజంగా నీళ్ళు పారుతున్నాయి!” అని చెబితే ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఎండాకాలం కూడా పారుతుందంటనా?” పారుతుందని లోపల చెప్పారన్నాను. “మేం పైన కొట్లాడతానే ఉంటిమి, అది కింద పారుతానే ఉండె” అన్నాడు. మెట్లెక్కేటప్పుడు మనుమడి చెయ్యి వదలలేదు.

పెన్న ఒడ్డున గాదె

గండికోటలో సూర్యోదయం చూడాలని రెండో రోజు కోడి కూయకముందే లేచాము. చీకట్లో ఉయ్యాలవాడ మీదుగా పోతుంటే నాయన కారు నెమ్మదిగా పోనివ్వమన్నాడు. నరసింహారెడ్డిని పిల్లలు 2019లో వచ్చిన సినిమాలో చూచి ఉన్నారు. ఆ వీరుడి ఊరు ఇదేననీ, 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీసింది మన కోవెలకుంట్లలోనేననీ వినేసరికి వాళ్ళ నిద్ర ఎగిరిపోయింది. “మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాన్నా?” అని మా అమ్మాయి నన్ను నిలదీసింది. నా దగ్గర జవాబు లేదు.

“ఇదే ఊళ్ళో బుడ్డా వెంగళరెడ్డి కూడా ఉండె” అన్నాడు నాయన. “కత్తి పట్టినోడి మీద సినిమా తీసినారు. గంజి పోసినోడి మీద ఎవరు తీస్తారు?” 1866లో కరువు వచ్చినప్పుడు వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి నెలల తరబడి అంబలి పోయించాడు. ఆ కథ మా నాయనకు వాళ్ళ అవ్వ చెప్పిందట.

జమ్మలమడుగు దాటి పదిహేను కిలోమీటర్లు పోతే గండికోట. ఎర్రమల కొండలను పెన్నానది నిలువునా కోసి పారిన చోటు అది. లోయను గండి అంటారు, గండి మీది కోట గండికోట. కారు దిగి, మాధవరాయస్వామి గోపురం ప్రక్కగా నడిచి, బండలెక్కి అంచుకు చేరాము. తూర్పు ఎరుపెక్కుతున్నది. క్రింద చాలా లోతున పెన్న నీళ్ళు కదలకుండా ఉన్నాయి. రెండు వైపులా ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఎర్రరాతి గోడలు. ఎండ పడినకొద్దీ పైనుంచి క్రిందికి ఒక్కొక్క పొరే వెలుగుతూ వచ్చింది. గోదావరి పాపికొండలు చూచిన మా ఆవిడ ఏమంటుందోనని ఓరగా చూచాను. ఏమీ అనలేదు. కొంగు తలమీదికి లాగుకొని అట్లాగే నిలబడింది.

మేము నిలబడ్డ చోట గోడా లేదు, కంచే లేదు. ఫోటో తీసే సందడిలో నేను ఒక్క నిమిషం చిన్నవాణ్ణి మరచిపోయాను. వాడు బండ మీదినుంచి బండ మీదికి గంతులు వేసుకొంటూ అంచు దాకా పోయాడు.

“ఒరేయ్! ఆడనే నిల్చో!”

నాయన గొంతులో అంత బలం ఉందని నాకు తెలియదు. గొర్రెలను అదిలించే కేక అది. పిల్లవాడు కొయ్యబారిపోయాడు. వాడి కాలి ముందు గులకరాయి ఒకటి దొర్లి క్రిందికి పోయింది. అది ఎక్కడా తగిలిన చప్పుడు వినబడలేదు. నాయన పరుగెత్తలేదు. “అట్లే కూచో నాయనా. ఆ, ఇంక కూచునే వెనక్కి జరుగు” అని ఒక్కొక్క మాటే చెబుతూ వాణ్ణి రప్పించాడు. దగ్గరికి వచ్చాక వాణ్ణి కాదు, నన్ను చూచాడు. ఆ చూపు నేను చిన్నతనంలో ఎరిగినదే. మా ఆవిడకు చాలాసేపు చేతులు వణికాయి. పిల్లలతో వెళ్ళేవారికి నేను చెప్పేది ఒకటే. అంచుకు పది అడుగుల ఇవతల కూర్చుని చూడండి, పిల్లల చెయ్యి వదలకండి. ఫోటో ఒకరు తీస్తుంటే మరొకరు కాపలా ఉండండి. తెల్లవారుజామున మంచుకు బండలు జారుతాయి.

ఎండ ఎక్కాక కోట చూచాము. 1123లో కాకరాజు మొదట ఇక్కడ కోట కట్టించాడని చెబుతారు. విజయనగరం వారి కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని రాతికోటగా పెంచి ఏలారు. 1650 ప్రాంతంలో గోలకొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకొన్నాడు. ఆయనను కలుసుకొని వజ్రాలూ ముత్యాలూ బేరం చెయ్యడానికి టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు 1652లో ఇంత దూరం వచ్చాడు. మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జామియా మసీదు, పావురాల గోపురం, చెరసాల, కత్తుల కోనేరు అన్నీ ఒకదాని కొకటి కూతవేటు దూరంలో ఉన్నాయి.

మసీదు ప్రక్కన ఉన్న ధాన్యాగారంలోకి వెళ్ళాము. ఎత్తయిన కప్పు, మందపాటి గోడలు, చల్లగా ఉంది. అక్కడ మూట విప్పి జొన్నరొట్టెలు తిన్నాము. నాయన చుట్టూ చూస్తూ, “ఇంత గాదె కట్టినోళ్ళకు కరువంటే తెలిసే ఉంటాది” అన్నాడు. ఆ తరువాత అడగకుండానే చెప్పాడు.

1952 కరువు. ఆయనకు ఎనిమిదేళ్ళు, మా చిన్నవాడి వయస్సు. బావులు ఎండాయి, ఎద్దులను వచ్చిన ధరకు తోలేశారు. సర్కారువారు గంజి కేంద్రాలు పెట్టారు. తెల్లవారి సత్తు గిన్నె పట్టుకొని వాళ్ళమ్మ వెంట వరుసలో నిలబడేవాడట. “ఒకరోజు గిన్నె నిండా పోసినారు. ఇంటికి తెచ్చేలోపల తట్టుకొని పడితి. గంజంతా నేలపాలాయ. మాయమ్మ తిట్టలే, కొట్టలే. తన గిన్నె నాకిచ్చి, గంజి పడిన మట్టి దిక్కు చూసుకుంటా కూచుండె. ఆ పొద్దే అనుకొంటి, ఎంత కరువొచ్చినా ఈ నేల మాత్రం పోగొట్టుకోగూడదని. పదేళ్ళు కూలికి పోయి మొదటి ఎకరా కొన్నా.”

చెప్పి రొట్టె తుంచుకొన్నాడు. దిండు క్రింది కాగితం మాట ఆయన ఎత్తలేదు. నేను మాత్రం రొట్టె మింగలేకపోయాను. మా చిన్నవాడు తన చేతిలో సగం తిని పారవెయ్యబోయిన రొట్టెను మళ్ళీ తినసాగాడు.

పెరిగే బసవన్న

మూడో రోజు బనగానపల్లె మీదుగా యాగంటి. ఆ రోజు నేనే చొరవ తీసుకొని ముందు సీటులో నాయనను కూర్చోబెట్టాను.

బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. మామిడి పండ్లలో రాజయిన బంగినపల్లి పుట్టింది ఇక్కడే. మా ఆవిడ ఆ పండు గోదావరి జిల్లాలదే అనుకొంటున్నదట. “పేరులోనే ఊరు ఉందే!” అని తనే నవ్వుకొంది. 2009లో వచ్చిన ‘అరుంధతి’ సినిమా బంగళా ఊరి బయట ఉంది. పిల్లలు భయపడుతూనే, దాన్ని చూడాలని పట్టుబట్టారు. పోతులూరి వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం వ్రాశారని చెప్పే రవ్వలకొండ గుహలు కూడా ఆ ఊరి దగ్గరే.

యాగంటి ఉమామహేశ్వరాలయం ఎర్రకొండల ఒడిలో ఉంది. కొండలోనుంచి వచ్చే నీరు నంది నోటినుంచి పుష్కరిణిలోకి పడుతుంది. ఏ ఋతువులోనైనా ఆ ధార ఆగదని చెబుతారు. ఎండిన సీమలో ఆ నీళ్ళ చల్లదనం ఎంత హాయో స్నానం చేసినవాళ్ళకే తెలుస్తుంది. పై కొండలో అగస్త్యుని గుహ, వెంకటేశ్వరుని గుహ, బ్రహ్మంగారి గుహ ఉన్నాయి. మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్ళు చూచుకొని ఎక్కాలి. అగస్త్యుడు తపస్సు చేసే వేళ కాకులు బాధించగా శపించాడనీ, నాటినుంచి ఇక్కడ కాకి వాలదనీ ఐతిహ్యం. మా చిన్నవాడు ఆ మధ్యాహ్నమంతా కాకి కోసం ఆకాశం కేసి చూస్తూనే ఉన్నాడు. కనబడలేదు.

అందరూ చెప్పుకొనేది బసవన్న సంగతి. ఆ నంది ఏడాదికేడాది పెరుగుతున్నదట. పూర్వం చుట్టూ ప్రదక్షిణం చేసేవారట, ఇప్పుడు స్తంభాలకూ నందికీ మధ్య మనిషి దూరడమే కష్టం. కలియుగాంతాన యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పిన మాట సీమలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. మా అమ్మాయి సైన్సు పుస్తకం చదివిన పిల్ల. “రాయి ఎట్లా పెరుగుతుంది జేజినాయనా?” అని వాదానికి దిగింది.

“పెరుగుతాదో లేదో నాకేం తెలుసమ్మా? నేను చిన్నప్పుడు చూస్తి, మీ నాయన్ను ఎత్తుకొచ్చి చూపిస్తి, ఇప్పుడు నీకు చూపిస్తాండా. మూడు తరాలు పెరిగింది మాత్రం ఖాయం గదా!”

అంతటితో ఆ వాదం ముగిసింది.

దిండు క్రింది కాగితం

ఆ రాత్రి మిద్దె మీద పడుకొన్నాము. కొర్రన్నం, చింతపండు చారు, మా ఆవిడ నేర్చుకొని చేసిన ఓళిగలు. చంద్రుడు లేడు. హైదరాబాదులో కనబడని నక్షత్రాలన్నీ అక్కడ ఉన్నాయి. పిల్లలు లెక్కపెడుతూ నిద్రపోయారు.

నాయన కాగితం తెచ్చాడు. కళ్ళజోడు పెట్టుకొని, “పెన్ను ఇయ్యిరా” అన్నాడు.

నేను జేబు తడుముకొంటున్నాను. పెన్ను జేబులోనే ఉంది. నా చెయ్యి దాన్ని కనుక్కోవడానికి తొందరపడటం లేదు. అప్పుడు మా ఆవిడ మాట్లాడింది. ఫ్లాటు కోసం రెండేళ్ళుగా నాతో పోట్లాడినది ఆమే అని గుర్తుంచుకోవాలి.

“మామయ్యగారూ, ఒక్క మాట చెప్పనా? మూడు పడకగదుల ఫ్లాటు కావాలన్నది నేనే. రెండు గదులదయితే నాలుగెకరాలూ అమ్మే పని లేదు. రెండు అమ్మితే చాలు. మిద్దె, మిగిలిన రెండెకరాలు ఉండనివ్వండి. మీరు ఎండాకాలం మా దగ్గర ఉండండి, పంట కాలం ఇక్కడ ఉండండి. పండక్కి పిల్లలు ఇక్కడికే వస్తారండి. నేను వాళ్ళని ఇంకెక్కడికీ తీసుకెళ్ళను.”

నాయన చాలాసేపు ఊరుకొన్నాడు. “మరి నీ పుట్టిల్లో?” అన్నాడు.

“అక్కడికి వేసవిలో వెళతాం. అక్కడ నీళ్ళెక్కడికీ పోవు లెండి.”

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకిచ్చాడు. “రెండెకరాలకు మళ్ళీ రాయించుకొని రా, సంతకం పెడతా. తూర్పుపక్కది అమ్ము. బావి ఉన్న పక్క మాత్రం ఉంచు” అన్నాడు. కొనేవాడు గొణుగుకొన్నాడు గాని, చివరకు ఒప్పుకొన్నాడు. నాకు మాత్రం ఒక సిగ్గు మిగిలిపోయింది. ఆ మాట నేను అనవలసింది.

తిరుగు దారి

నాలుగో రోజు కర్నూలు మీదుగా బయలుదేరాము. నంద్యాల - కర్నూలు రోడ్డు మీద, కర్నూలు ఇంకా ఇరవై పైచిలుకు కిలోమీటర్లు ఉందనగా ఓర్వకల్లు వస్తుంది. 2021లో అక్కడ విమానాశ్రయం కూడా వచ్చింది. రోడ్డు ప్రక్కనే రాతివనం. గాలీ వానా కలిసి చెక్కిన స్ఫటికపు బండలు, ఒకటి ఏనుగులాగా, ఒకటి తాబేలులాగా, ఒకటి మా హెడ్‌మాస్టరులాగా ఉన్నాయని పిల్లలు పేర్లు పెట్టారు. బండల మధ్య నీటిమడుగులో పడవ తిరుగుతుంది. కాళ్ళు నొప్పిపుట్టేంత నడక లేదు. చిన్నపిల్లలతో, ముసలివారితో పోయేవారికి ఇంతకంటె అనువైన చోటు ఆ దారిలో లేదు. బస్సు ఎక్కించే ముందు కర్నూలులో కొండారెడ్డి బురుజు చూచాము. 1953 అక్టోబరు 1 నుంచి 1956లో విశాలాంధ్ర ఏర్పడే దాకా ఈ ఊరే ఆంధ్రరాష్ట్రానికి రాజధాని. ఇంగ్లీషువారి చేతికి 1800లో నిజాము ధారపోసిన ఈ దత్తమండలాలకు ‘రాయలసీమ’ అన్న గౌరవమైన పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది. ‘రాళ్ళసీమ’ అని తరువాత మనం పెట్టుకొన్న వెక్కిరింత మాత్రం మనదే.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి అదను. వేసవిలో పగటిపూట వద్దు. కోవెలకుంట్లలో గాని, జమ్మలమడుగులో గాని, బనగానపల్లెలో గాని మకాం పెట్టుకొంటే బెలుం, గండికోట, యాగంటి మూడూ ఒక్కొక్క పూట ప్రయాణమే. 2022లో జిల్లాలు విడగొట్టాక బెలుం, యాగంటి నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. గండికోట కడప జిల్లాలోనే ఉంది. ఇంకా తీరిక ఉన్నవారు పత్తికొండ దారిలో ఎర్రగుడి అశోకుని శాసనాలు చూడవచ్చు. అందులో కొన్ని పంక్తులు ఎద్దులు దున్నినట్టు ఒకటి ఎడమనుంచి కుడికి, మరొకటి కుడినుంచి ఎడమకు నడుస్తాయి. నీళ్ళు, టోపీలు, మంచి చెప్పులు, తినడానికి ఇంటి మూట తప్పనిసరి. వీలయితే ఇంట్లో పెద్దవారిని ఒకరిని వెంట తీసికొని వెళ్ళండి. పలకల మీద వ్రాసిపెట్టని సంగతులు వారే చెప్పాలి.

బడి తెరిచిన రోజు మా చిన్నవాడికి సెలవులను గురించి పది వాక్యాలు వ్రాయమన్నారట. పుస్తకం తెచ్చి చూపించాడు. అక్షరదోషాలు చాలా ఉన్నాయి. మొదటి వాక్యం మాత్రం తప్పు లేకుండా ఉంది: “మేము పండక్కి మా ఊరు వెళ్ళాము.”